ఆమె నోట పేరు పడితే

మొన్న గురువారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే గ్రేస్ ఫోన్ చేసింది. గ్రేస్ పాత కంపెనీలో నా పక్క సీటు మనిషి. చావు కబురైనా సరే, ఏదో ఒక వేళాకోళంతో మొదలుపెట్టే రకం. ఆ రోజు మాత్రం సూటిగా చెప్పింది.

"మేడమ్ పోయినారంట మే. చిత్తూరులో. నిద్రలోనే."

ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్య పేరు అక్కరలేని మేడమ్ ఒక్కరే.

"నీకు ఏడుపు వస్తా ఉండాదా?" అంది.

"లేదు."

"నాకూ రాలేదు. ఎందుకో భయంగా ఉండాది మే."

ఆమె చెడ్డమనిషి కాదు. నా ఉద్యోగ జీవితంలో నేను లేచి నిలబడి నమస్కారం పెట్టిన వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వారిలో ఆమె ఒకరు. అయినా గ్రేస్ అన్న మాట నిజం. ఆమె గదిలోకి వస్తే ధైర్యం వచ్చేది, వెళ్ళిపోయాక భయం వేసేది. ఈ రెండూ ఒకే మనిషి వల్ల ఎలా కలిగేవో చెప్పాలంటే ఆమె చేసే పని గురించి ముందు చెప్పాలి.

రేణిగుంట దారిలో మూడంతస్తుల అద్దాల భవనం మా కంపెనీది. పని మేం చేసేవాళ్ళం, నిర్ణయాలు చెన్నైలో జరిగేవి. ఆడవాళ్ళను పై పదవులకు తయారుచేయాలని చెన్నై వాళ్ళు ఒకనాడు అనుకున్నారు. అందుకు కోచ్‌గా ఆమెను పెట్టారు. పదిహేను రోజులకోసారి చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, మాలో కొందరితో ఒక్కొక్కరుగా గంటసేపు మాట్లాడి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు. కంపెనీ కారు పంపిస్తామంటే వద్దనేవారు. "వాళ్ళ కారెక్కితే దిగేటప్పుడు వాళ్ళ మాట కూడా మోసుకొని దిగాల," అన్నారు నాతో.

తిరుపతిలో కోచింగ్ అంటే బ్యాంకు పరీక్షలకు చెప్పే కోచింగే. ఆమె వచ్చిన మొదటి వారమే గేటు దగ్గర మునస్వామి, మా సెక్యూరిటీ, ఆమెను ఆపాడు.

"మేడమ్మా, మా కోడలు డిగ్రీ సేసి ఇంట్లో ఊరికే ఉండాది. మీ కోచింగులో ఏసుకుంటారా?"

"నా దగ్గరికి ఉద్యోగం ఉండేవాళ్ళే వస్తారప్పా."

"ఉద్యోగం ఉంటే ఇంక కోచింగు ఎందుకు మేడమ్మా?"

"దాంట్లో నిలబడేదానికి."

మునస్వామి ఆ మాటను కాసేపు నమిలి, "అట్లయితే వద్దులే మేడమ్మా. అది ఇంట్లోనే బాగుండాది," అన్నాడు. ఆమె పగలబడి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చామనచాయ, పొట్టి మనిషి. నూలు చీర. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. చేతిలో పెన్నుండదు, పుస్తకముండదు. "రాసుకుంటా ఉంటే ఎదుటి మనిషి ముఖం తప్పిపోతాది," అనేవారు. గదిలోకి వచ్చాక మొదట చేసే పని కుర్చీ తిప్పడం. బల్లకు అటూ ఇటూ కాకుండా, రెండు కుర్చీలూ పక్కపక్కన వేసి కిటికీ వైపు తిప్పేవారు. చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవారు. ఇద్దరం కిటికీలోంచి తిరుమల కొండను చూస్తూ మాట్లాడుకోవాలి. "ఎదురెదురు కూర్చుంటే పంచాయతీ మాదిరి ఉంటాది. పక్కన కూర్చుంటే బస్సు ప్రయాణం. బస్సులో మనుషులు ఏమైనా చెప్పేస్తారు."

చెప్పేసేవాళ్ళం, నిజంగానే. ఆమె చేసేదల్లా "ఇంగా?" అనడం. మనం ఒకటి చెప్పి ఆగితే "ఇంగా?" అని ఊరుకునేవారు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనిషి ఇంకొంత చెబుతుంది. మూడోసారి "ఇంగా?" అనేసరికి, మనకే తెలియని మాట ఒకటి మన నోటి నుంచి బయటపడుతుంది.

సలహా మాత్రం ఇవ్వరు. అది వాళ్ళ వృత్తి కట్టుబాటు. ప్రశ్న అడగవచ్చు, జవాబు ఇవ్వకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మేం చెప్పింది చెన్నైకి చేరకూడదు, చెన్నైలో విన్నది మాకు చేరకూడదు. మొదటి రోజే అది స్పష్టంగా చెప్పారు. "నేను గోడ మాదిరి. రెండు పక్కలా వింటా. ఏ పక్కకూ చెప్పను." ఈ నియమాన్ని ఆమె నిష్ఠగా పట్టుకున్నారు. మడి కట్టుకున్నవాళ్ళు మడిని పట్టుకున్నట్టు.

నాతో ఆమె మొదటి గొడవ ఒక చిన్న మాట మీద. ఏడాదిలో చేసిన పని చెప్పమన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను: మేం ఇది కట్టాం, మేం అది సరిచేశాం.

"మేం అంటే ఎంతమంది?"

"నేనే."

"ఆడవాళ్ళందరికీ ఇదే జబ్బు పాపా. చేసింది చెప్పేటప్పుడు మేము, చెడగొట్టింది చెప్పేటప్పుడు నేను."

నాకు కోపం వచ్చింది. మాది పాలెగాళ్ళ వంశం. పాలెం ఎప్పుడో పోయింది. మా తాత కూర్చున్న చావడి ఇప్పుడు ఎవరిదో ఎరువుల కొట్టు. అయినా మా ఇంట్లో మగా ఆడా అందరూ తమ గురించి మేము అనే చెప్పుకుంటారు. "నాది జంకు కాదు మేడమ్. మా ఇంటి అలవాటు," అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "అయితే ఇంకా కష్టం. జంకయితే పోగొట్టచ్చు."

ఆమె నేర్పింది నిజంగా అక్కరకు వచ్చే విద్య. ఒక ఆట ఆడించేవారు. తానే చెన్నై పెద్దాయన అయ్యేవారు. గొంతు మారిపోయేది, మెడ కూడా ఆయన మాదిరే ఒక పక్కకు వాలేది. మనం మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడేవారు, ఫోన్ చూసుకునేవారు, "సరే సరే, తర్వాత" అనేవారు. మనం గొంతు పెంచకుండా, తగ్గించకుండా, మొదలుపెట్టిన వాక్యాన్ని చివరిదాకా చెప్పాలి. "సగంలో వదిలిపెడితే మిగతా సగం వాడు పూర్తి చేస్తాడు. వాడికి కావలసినట్టు." గ్రేస్ మొదటిసారి ఏడ్చేసింది. నాలుగైదు వారాల తర్వాత నిజమైన పెద్దాయన ముందు, నిజమైన మీటింగులో, తన వాక్యాన్ని ముక్కు ఎగబీల్చకుండా ముగించింది. ఆ రోజు మేమిద్దరం క్యాంటీనులో రెండేసి బజ్జీలు ఎక్కువ తిన్నాం.

ఇక భయం సంగతి.

ఆరునెలలకోసారి చెన్నై వాళ్ళు ఆమెను ఒకే ప్రశ్న అడిగేవారు: ఎవరు సిద్ధం? ఆమె ఒక పేరు చెప్పేవారు. ఎందుకు, ఏమిటి అని వివరం లేదు, పేరు మాత్రమే. ఆ పేరు గల మనిషికి పదవి వచ్చేది. కేకు కోసేవారు. లిఫ్టు పక్క గోడకు ఆ మనిషి ఫోటో తగిలించేవారు.

మొదట కళావతి. శ్రీకాళహస్తి నుంచి రోజూ రైల్లో వచ్చేది, నెమ్మదస్తురాలు. ఆమెకు కంపెనీలోకెల్లా పెద్ద ప్రాజెక్టు ఇచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ప్రాజెక్టును విదేశం వాళ్ళు వదులుకోబోతున్నారని మాకు తెలియదు. దీపావళికల్లా అది పోయింది. కళావతి నెట్టుకురాలేకపోయిందన్నారు. రాజీనామా చేసింది. తర్వాత ఇంకొకామె. రాత్రి పాళీ బృందానికి అధిపతిని చేశారు. ఆ పని మొత్తం కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించాలని చెన్నై వాళ్ళు ముందే తేల్చుకున్నారు. తన కిందివాళ్ళను తానే పంపించి, చివరికి తానూ వెళ్ళింది.

ఫోటోలు మాత్రం గోడ మీదే ఉన్నాయి. మునస్వామి వాటిని తుడుస్తూ ఒకసారి నాతో అన్నాడు, "ఈ గోడెక్కినోళ్ళు మళ్ళా గేటు లోపలికి రాలేదు మేడమ్మా. దండ ఒకటే తక్కువ." వాణ్ణి గట్టిగా మందలించాను. కానీ ఆ తర్వాత లిఫ్టు ఎక్కడం మానేసి మెట్ల మీదుగా పోయాను.

"ఆమె నాలిక మీద మచ్చ ఉండాది మే," అని గ్రేస్ అనేది. "ఆమె నోట పేరు పడితే సాలు, ఆ మనిషి పని అయిపోతాది."

నాలుక మచ్చలను నేను నమ్మను. ఎవరో కూర్చుని పన్నిన పన్నాగమని కూడా అనుకోను. జరిగేది అంతకంటే మామూలు విషయం. కూలబోయే చోట కూర్చోవడానికి ముందుచూపు గల మగవాడెవడూ ఒప్పుకోడు. కుర్చీ ఖాళీగా మిగులుతుంది. అప్పుడు వాళ్ళకు ఆడవాళ్ళు గుర్తొస్తారు. నిలబడితే కంపెనీ గొప్ప, కూలితే ఆమె చేతగానితనం.

ఆమెకు ఇది తెలుసా? మొదట తెలియదనే అనుకుంటాను. కళావతి వెళ్ళిపోయిన తర్వాత ఆమెలో ఒక మార్పు చూశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ లవంగం నమలడం ఆపేవారు. కొండ వైపు చూసే చూపు ఎక్కడో ఆగిపోయేది. "ఇంగా?" అని అడగడం మరిచిపోయేవారు. ఒక వానాకాలం మధ్యాహ్నం మబ్బు కమ్మి కొండ పూర్తిగా మాయమైతే, "ఆడ కొండ ఉండాదని ఇప్పుడు ఎవరికైనా చెప్తే నమ్ముతారా?" అన్నారు. జవాబు కోసం అడిగినట్టు లేదు.

ఆ ఏడాది చివర్లో తిరుపతి ఆఫీసు మొత్తానికి అధిపతిగా ఉన్న ఆయన ఉన్నట్టుండి చెన్నైకి మార్పించుకుని వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ నాకు కావాలి. దీన్ని దాచుకోవలసిన పని లేదు. పన్నెండేళ్ళ పని నాది. ఆ భవనంలో ఏ తీగ ఎటు పోతుందో నాకు తెలుసు. పైగా మా వాళ్ళు పోగొట్టుకున్నవాటి గురించి వింటూ పెరిగిన దాన్ని, ఒక్కటైనా సంపాదించుకున్నామని చెప్పుకోవాలని ఉండేది. అందరూ నాకే వస్తుందన్నారు. ఆమె నోట నా పేరు పడటమే మిగిలింది.

ఆ వారం ఆమె గదిలోకి వచ్చి కుర్చీ తిప్పలేదు. బల్లకు అవతల, నాకు ఎదురుగా కూర్చున్నారు.

"ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది పాపా?"

"ఆయన వెళ్ళిపోయినారు కాబట్టి."

"ఆయన ఎందుకు పోయినాడు?"

"అది నన్ను అడగాల్సిన మాట కాదు మేడమ్. నేను ఆ పనికి తగుదునా లేదా అనేది అడగండి."

"అది అడిగే పని లేదు," అన్నారు. అంతటితో లేచారు. గంటసేపు జరగవలసింది అయిదు నిమిషాల్లో ముగిసింది.

మూడు రోజుల తర్వాత తెలిసింది. చెన్నై వాళ్ళు అడిగితే, ఎవరూ సిద్ధం కాలేదని ఆమె చెప్పారట. నేనే కాదు, ఎవరూ.

తర్వాతి పక్షం ఆమె వచ్చిన రోజు సాయంత్రం నేను బస్టాండుకు వెళ్ళాను. చిత్తూరు బస్సులు నిలిచే చోట సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ గుండు చేయించుకున్న యాత్రికులు, నిద్రపోతున్న పిల్లలు, లడ్డు సంచులు. నేను కూర్చోలేదు.

"నా గురించి ఏం చెప్పినారు?"

"సిద్ధం కాలేదని చెప్పినా."

"అది అబద్ధం."

"అబద్ధమే."

ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. పక్కనున్న యాత్రికురాలు తలెత్తి మా ఇద్దరినీ చూసింది.

"ఎందుకు మేడమ్?"

ఆమె నోరు తెరిచారు. ఏదో చెప్పబోతున్నారు. మళ్ళీ మూసుకున్నారు. "ఇంతకంటే నేను చెప్పకూడదు పాపా."

"మాకు కాపలా అక్కర్లేదు. మా ఇంట్లో ఓడిపోయినవాళ్ళు ఉండారు. దాక్కున్నవాళ్ళు లేరు."

"అదే నాకు భయం," అన్నారు.

బస్సు వచ్చింది. ఎక్కేముందు నా చెయ్యి పట్టుకున్నారు. అంతకు ముందెప్పుడూ ఎవరినీ ముట్టుకుని ఎరగరు. ఆ చెయ్యి చల్లగా ఉంది. కండక్టరు "సీటు ఉండాది, రామ్మా పెద్దమ్మా" అని కేకేస్తున్నా కాసేపు వదల్లేదు.

ఎవరూ సిద్ధం కాలేదని చెప్పిన కోచ్‌ను ఏ కంపెనీ మాత్రం ఎందుకు పెట్టుకుంటుంది? ఆమెను మళ్ళీ పిలవలేదు. అలా జరుగుతుందని ఆమెకు ముందే తెలిసి ఉంటుంది.

నేను చెన్నై పెద్దాయనతో నేరుగా మాట్లాడాను. ఎవరి మాటా వద్దు, నా పని చూడండి అన్నాను. ఆయన అడ్డుపడలేదు, ఫోన్ చూసుకోలేదు. "ఇట్లాంటి తెగువే మాకు కావాలి," అని ఆ వారమే కుర్చీ ఇచ్చేశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా ఫోటో గోడకెక్కింది. మునస్వామి దాన్ని తగిలిస్తూ నా వైపు చూడలేదు.

ఉగాదికి ముందే ఆఫీసు మూసేస్తున్నట్టు కబురు వచ్చింది. పని చెన్నైలో కలిపేస్తారట. మా వాళ్ళందరికీ ఆ సంగతి చెప్పే బాధ్యత నాది.

ఆ పని ముగిసిన తర్వాత ఒక ఆదివారం చిత్తూరు వెళ్ళి ఆమెను చూశాను. ఒక సందులో మేడ మీది ఇల్లు. నేల మీద గోనె పరుచుకుని చింతకాయలు కొడుతున్నారు. చిన్న సుత్తితో కొట్టడం, గింజ తీసి ఒక పక్కకు, గుజ్జు ఇంకో పక్కకు. చాలా చిక్కిపోయారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఒక పీట నా వైపు తోశారు.

"మూసేసినారంట గదా."

"మూసేసినారు."

"అందరికీ నువ్వే చెప్పినావా?"

"ఒక్కొక్కరినీ పిలిచి చెప్పినాను. గ్రేస్ నన్ను తిట్టింది. తిట్టి, ఆమే కాఫీ తెచ్చి ఇచ్చింది."

"నీ సంగతి?"

"నాది చెన్నై వాళ్ళు చెప్పినారు. కడపట."

ఆమె ఒక నాలుగు కాయలు కొట్టారు. తర్వాత సుత్తి కింద పెట్టారు.

"ఒకటి అడుగుతా. ఇది కోచింగు కాదు. ఆ పొద్దు బస్టాండులో నేను నోరు తెరిచి, ఆఫీసు మూసేస్తారు పాపా, అందుకే నిన్ను ఎక్కిస్తా ఉండారు అని చెప్పేసింటే, నువ్వు ఆ కుర్చీ ఎక్కకుండా ఉంటివా?"

ఆమె అడిగిన తీరులో నాకు ఒకటి అర్థమైంది. ఇన్ని నెలలుగా ఆమెను తింటున్నది ఇదే. ముసలి మనిషి, జబ్బు మనిషి. ఆమెకు ఏ జవాబు ఇస్తే సుఖంగా ఉంటుందో కూడా నాకు తెలియదు. అందువల్ల నిజమే చెప్పాను.

"ఎక్కింటాను."

"తెలిసి కూడా?"

"తెలిసి కూడా. ఎవరూ లేకపోతే చెన్నై నుంచి ఒక మెయిలు వచ్చి అందరినీ ఒకే తూరి గేటు బయట నిలబెట్టేది. కూలేటప్పుడు ఇంటి మనిషి ఒకరు దగ్గరుండాల మేడమ్. చావడి పోయిననాడు మా తాత అట్లనే ఉండినాడు."

ఆమె ముఖంలో తేలిక వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంకా నల్లబడింది.

"నేను మీకు నిలబడేది నేర్పిచ్చినా," అన్నారు నెమ్మదిగా. "గొంతు వణక్కుండా, వంగకుండా. వాళ్ళకు కూడా అట్లాంటోళ్ళే కావాల, పాపా. వంగేవాళ్ళు తప్పించుకొని పోతారు. నిలబడేవాళ్ళ మీదనే గోడ పడతాది." గింజలు ఒక పక్కకు తోసి, "బెంగుళూరులో ఉద్యోగం చేసేటప్పుడు నన్ను కూడా ఒకామె సిద్ధమనింది," అన్నారు. అంతకు మించి దాని గురించి చెప్పలేదు, నేనూ "ఇంగా?" అనలేదు.

లేవబోతుంటే ఆమే మళ్ళీ మాట్లాడారు.

"ఇంకో ఆఫీసుకు పోతా ఉండా ఇప్పుడు. తిరుపతిలోనే. వచ్చే నెల ఆడ ఒక పేరు చెప్పాల. ఒక పాప ఉండాది. నీ మాదిరే, చెప్తే వినే రకం కాదు."

"ఏ ఆఫీసు మేడమ్?"

తల అడ్డంగా ఊపారు. "అది చెప్పకూడదు గదా."

"ఏం చెప్పబోతా ఉండారు?"

సుత్తి చేతికి తీసుకుని ఇంకో కాయ కొట్టారు. గింజ ఎగిరి గడప అవతల పడింది.

ఆ వచ్చే నెల ఇదే. ఆమె పేరు చెప్పే వెళ్ళిపోయారో, చెప్పకుండానే వెళ్ళిపోయారో నాకు తెలియదు. ఇప్పుడు తిరుపతిలో అద్దాల భవనాలు చాలా ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం గ్రేస్, నేను చిత్తూరు వెళ్ళాం. సందు నిండా ఆడపిల్లలు. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, మెడల్లో రకరకాల రంగుల తాళ్ళకు గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి. వాటి మీద పేర్లు చదవడానికి ప్రయత్నించాను. వాళ్ళలో ఆమె చెప్పిన ఆ పిల్ల ఉండే ఉంటుంది. నాకు ఏ కట్టుబాటూ లేదు. కనిపిస్తే పక్కకు పిలిచి, ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కో అమ్మాయీ అని చెప్పాలి. నా మాట వినదు, అయినా చెప్పాలి.

"ఎవురి కోసం ఎతుకుతా ఉండావు మే?" అంది గ్రేస్.

చెప్పాను.

"ఎట్ల గుర్తు పడతావు?"

"నిలబడే తీరు చూసి."

మెట్ల మీద, గోడ పక్కన, వీధి మొగదాకా చూశాను. ఎవరూ ఏడవడం లేదు. ఎవరూ దేనికీ ఆనుకోలేదు. అందరూ నిటారుగా నిలబడి ఉన్నారు.